పిచ్చుకకి పెట్టిన గడువు

ఆ వేసవి మొదట్లో మా పిచ్చుక డ్రయ్యర్ పక్కన తప్ప ఇంకెక్కడా నోరు విప్పేది కాదు.

మాది లాండ్రీ. కింద షాపు, పైన ఇల్లు. ఆసుపత్రి దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు, బళ్ళ యూనిఫారాలు మా దగ్గరికే వస్తాయి. వెనక గదిలో రెండు పెద్ద డ్రయ్యర్లున్నాయి. అవి తిరుగుతుంటే పక్క మనిషి మాట వినాలన్నా చెవి దగ్గరికి వంగాల్సిందే. ఎండాకాలంలో ఆ గది కొలిమిలా ఉంటుంది. అయినా పిచ్చుక పొద్దున లేచిన దగ్గర్నుంచి అక్కడే. డ్రయ్యర్‌కి వీపు ఆనించి, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చునేది. నేను వేడి బట్టలు బుట్టలోకి లాగుతుంటే అప్పుడు మొదలుపెట్టేది. సెలవుల ముందు సైన్సు టీచరు తన జడ తనే తలుపులో ఇరికించుకున్న సంగతి, పక్కింటి కుక్క అద్దంలో తన్ను తాను చూసుకుని మొరిగిన సంగతి, ఒకటా రెండా! మిషన్ ఆగిందంటే మాత్రం మాట తెగిపోయేది. సగం వాక్యంలో ఉన్నా సరే.

"తర్వాతేమైందో చెప్పవే" అంటే తల అడ్డంగా ఊపేది.

కారణం నాకు తెలుసు. గొంతు మారడం మొదలైంది. ఒక మాట సన్నగా, ఒక మాట బొంగురుగా వస్తోంది. ఆ గొంతు తన చెవిన పడకూడదు. అందుకని ఆ రొద కావాలి దానికి.

దానికప్పుడు పన్నెండు నిండి పదమూడు నడుస్తోంది. పుట్టినప్పుడు మగపిల్లాడని రాయించాం. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ "నేను అమ్మాయిని" అంటూనే ఉంది. మొదట నవ్వాం. ఆ తర్వాత విసుక్కున్నాం. అద్దం ముందు నిలబడటం మానేసి, ఎండలో కూడా దళసరి స్వెటర్ వేసుకుని తిరగడం మొదలుపెట్టాక, నవ్వులూ విసుగులూ కట్టిపెట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. పిచ్చుక అనేది మా ఆయన పెట్టిన పిలుపు. తిండి గింజంత, కబుర్లు గంపెడు అని అలా పిలిచేవాడు. ఆ పిలుపుకి ఆడా మగా లేకపోవడం మాకు కలిసొచ్చింది. ఇప్పుడు చెబుతున్నాను కాబట్టి "వచ్చింది, వెళ్ళింది" అని తడుముకోకుండా చెబుతున్నాను గానీ, అప్పట్లో నా నోరు మాటిమాటికీ తడబడేది. మా ఆయనకి ఆ తడబాటు కూడా లేదు. ఆయనకి వాడు వాడే.

*

డాక్టరమ్మ మా దగ్గర ఏనాడూ గుండ్రంగా తిప్పి మాట్లాడలేదు. చలికాలం నుంచీ పిచ్చుకని చూస్తోంది. తనొక్కతే కాదు, పిల్లల మనసుల గురించి తెలిసిన ఇంకొకావిడ కూడా విడిగా కూర్చోబెట్టి మాట్లాడేది. ఆ రోజు పిచ్చుకని బయట కూర్చోమని మమ్మల్నిద్దర్నీ లోపలికి పిలిచింది.

"ఈ ఇంజెక్షన్ ఒంట్లో వచ్చే మార్పుల్ని ఆపి ఉంచుతుంది. మానేస్తే అవి మళ్ళీ మొదలవుతాయి. ఆలోచించుకోడానికి కొంత వ్యవధి దొరుకుతుంది. ఇంతవరకూ మీరు ఎక్కడైనా వినుంటారు. ఇక మిగతాది కూడా వినండి" అంది. "ఎముకలు గట్టిపడాల్సిన వయసిది. ఆ పని నెమ్మదిస్తుంది. ఇది మొదలుపెట్టిన పిల్లల్లో చాలామంది తర్వాత హార్మోన్లకి కూడా వెళ్తారు. అప్పుడు రేపు బిడ్డల్ని కనే వీలు లేకుండా పోవచ్చు. దీనిమీద జరిగిన పరిశోధన నాకు కావలసినంత గట్టిగా లేదు. డాక్టర్లమే రెండుగా చీలిపోయి ఉన్నాం."

"మరి మీరెటు?" అన్నాడు మా ఆయన.

"ఎదురుగా కూర్చున్న పిల్లని చూసి చెబుతాను. మీ పిల్లకి మేలు జరుగుతుందనే అనిపిస్తోంది. కానీ నేను చూడాల్సింది ఇంకా పూర్తి కాలేదు." కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "ఇప్పుడు ఇంకో సంగతి. కొత్త చట్టం వస్తోంది. పద్దెనిమిది నిండనివాళ్ళకి ఈ మందులు మొదలుపెట్టడానికి వీల్లేదట. వేసవి ఆఖర్లో అమల్లోకి వస్తుందంటున్నారు. ఆ లోపల మొదలుపెట్టినవాళ్ళకి మాత్రం కొనసాగించవచ్చు."

"అంటే తొందరపడమంటారా?"

"అనను. మీ దగ్గర దాచను కూడా. గడియారం చూసుకుంటూ చెయ్యాల్సిన వైద్యం కాదిది. నాకే చిరాగ్గా ఉంది. మీ ఇద్దరూ ఒప్పుకుంటేనే మొదలుపెడతాను. ఒక్కరు కాదన్నా పెట్టను."

వ్యానులో తిరిగొస్తుంటే పిచ్చుక మా ఇద్దరి మధ్యా కూర్చుంది. మా ఆయన రేడియో పెట్టాడు. అందులో ఇద్దరు మగవాళ్ళు ఆ చట్టం గురించే గొంతులు చించుకుంటున్నారు. చటుక్కున ఆపేశాడు. ఇల్లు చేరేదాకా ఇంజను మోతే.

*

దుప్పట్లు మడవడానికి ఇద్దరు మనుషులు కావాలి. చెరో చివరా పట్టుకుని, లాగి, విదిలించి, ఎదురెదురుగా నడిచి, అంచులు కలిపి, మళ్ళీ వెనక్కి నడవాలి. పెళ్ళైన కొత్తలో ఆ పని మాకు సరదా. ఆ వేసవిలో మాత్రం మేం పోట్లాడుకున్నదంతా దుప్పట్ల మీదే.

"వాడి వయసులో నేను విమానం నడుపుతానన్నాను" అన్నాడాయన, దుప్పటి లాగుతూ.

"ఎన్నాళ్ళన్నారు?"

"చాన్నాళ్ళే."

"మీ అక్క చెప్పింది. వారం రోజులట. తర్వాత రైలు డ్రైవర్ అన్నారట. పిచ్చుక ఇన్నేళ్ళలో ఒక్కసారైనా మాట మార్చిందా?"

దగ్గరికొచ్చాం. అంచులు కలిపాం. వెనక్కి వెళ్ళాం.

"మార్చలేదు. రేపు మారుస్తాడేమో. అప్పుడేంటి? వాడి ఎముకలు, వాడి పిల్లలు... వాడికి తెలీదు కదా ఏం పోగొట్టుకుంటాడో. నాకు తెలుసు. వాణ్ణి మొదటిసారి చేతుల్లోకి తీసుకున్నప్పుడు నాకేమైందో నాకు తెలుసు. అది వాడికి లేకుండా చెయ్యడానికి నన్ను సంతకం పెట్టమంటున్నావు."

ఆయన మొండికేసే మనిషి కాదు. ఏదైనా పాడైతే మాత్రం "నేను ముందే చెప్పానా?" అనడం ఆయనకి అలవాటు. మిషన్ చెడినా అదే, వాన పడినా అదే, నా తలనొప్పికైనా అదే. ఆ మాటకి ఇంట్లో అందరం నవ్వుకుంటాం. ఆ రోజు మాత్రం ఆయన భయం దుప్పటి అంచు పట్టుకున్న వేళ్ళలో కనబడుతోంది.

"ఆగితే మాత్రం ఊరికే ఆగినట్టా?" అన్నాను. "గొంతు ఆగుతుందా? గడ్డం ఆగుతుందా? ఏమీ చెయ్యకపోవడం కూడా చేసినట్టేనండీ. అదీ మన చేతుల మీదుగానే జరుగుతుంది."

"నువ్వు ముందే గట్టిగా అనేసుకున్నావు."

"అవును. అనేసుకున్నాను."

ఆ మాట అన్నప్పుడు నాకు గర్వంగా కూడా ఉంది. పిల్ల కోసం కొంగు బిగించాను, ఎవరొచ్చినా తగ్గేది లేదనుకున్నాను.

*

వచ్చింది మా వదిన. మా ఆయనకి అక్క. ఆసుపత్రి మందుల షాపులో ఫార్మసిస్టు. పిచ్చుక పుట్టినప్పుడు నాకు జ్వరం వస్తే నెలరోజులు సెలవు పెట్టి ఎత్తుకు పెంచింది ఆవిడే. ముక్కుసూటి మనిషి. చెప్పులు విప్పకుండానే మాట మొదలుపెడుతుంది.

"మందులంటే నమ్మకం లేనిదాన్నయితే నా మాట కొట్టెయ్. నేను పొద్దస్తమానం మందులే ఇస్తాను. అందుకే భయం" అంది. "పెద్ద పెద్ద డాక్టర్లు రాసినవి, కళ్ళు మూసుకుని ఇచ్చినవి, తర్వాత అయ్యో అని వెనక్కి తెప్పించుకున్నవి నా చేతుల మీదుగా పోయాయి. పెద్దవాళ్ళైతే వాళ్ళ ఒళ్ళు, వాళ్ళ ఇష్టం. ఇది పసి వయసు. కాస్త పెద్దవనీ. నేనేం వద్దే వద్దనడం లేదు, ఆగమంటున్నాను."

"ఆగితే ఒళ్ళు ఆగదు కదా వదినా."

"పెద్దయ్యాక వచ్చి, అమ్మా ఇదెందుకు చెయ్యనిచ్చావని నిలదీస్తే ఏం చెబుతావు?"

"ఎందుకు చెయ్యనివ్వలేదని నిలదీస్తే మీరేం చెబుతారు?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా ఆయన కౌంటర్ దగ్గర చొక్కాలు లెక్కపెడుతున్నట్టు నటిస్తున్నాడు.

"చట్టం గురించి జనం మాట వినడానికి టౌన్ హాల్‌కి కమిటీ వస్తోంది. నేను వెళ్ళి చట్టం కావాలని చెబుతున్నాను. నీ వెనకాల చెప్పడం ఇష్టం లేక ముందే చెబుతున్నా" అంది వదిన. "వాడి మీద... దాని మీద... అబ్బా, నాకు ఏమనాలో కూడా తెలీడం లేదు!"

అప్పుడే వెనక గది గుమ్మంలో పిచ్చుక కనబడింది. లోపల డ్రయ్యర్ తిరుగుతోంది. తలుపు తెరిచే ఉంది కాబట్టి ఆ మోత మా మధ్యకి కూడా వస్తోంది. ఆ మోత మీదుగా గట్టిగా అంది:

"అత్తా, నాతో మాట్లాడేటప్పుడు 'నువ్వొచ్చావు, నువ్వు తిన్నావు' అంటావు కదా. అందులో ఏ కష్టమూ లేదు కదా. నా గురించి వేరేవాళ్ళతో మాట్లాడేటప్పుడే నీకు కష్టం. మరి నాతోనే మాట్లాడొచ్చుగా?"

వదిన కళ్ళు తుడుచుకుంది. కానీ మెత్తబడలేదు. "మాట్లాడతాను. అయినా హాల్‌కి వెళ్తాను" అంది.

"వెళ్ళు" అంది పిచ్చుక. "నేను మాత్రం నీ మాట ఒప్పుకోను."

అత్తాకోడళ్ళకి మొండితనం ఒకే మూటలోంచి పంచారేమో అనిపించింది నాకు.

*

టౌన్ హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి రావడం లేదు. మైకు ముందు రెండు వరసలు పెట్టారు. చట్టం కావాలనేవాళ్ళు ఎడమ పక్క, వద్దనేవాళ్ళు కుడి పక్క. నేను కుడి వరసలో నిలబడ్డాను. ఏం చెప్పాలో వారం నుంచి ఇస్త్రీ చేస్తూ వల్లెవేసుకుంటున్నాను. పిచ్చుకని పక్కింటావిడ దగ్గర వదిలి వచ్చాం. మా ఆయన ఏ వరసలోనూ నిలబడకుండా గోడకి ఆనుకుని ఉన్నాడు.

వదిన చక్కగా మాట్లాడింది. ఎవర్నీ తిట్టలేదు. "నేను ప్రాణంలా చూసుకునే బిడ్డ గురించే మాట్లాడుతున్నాను. ఆ ఇంట్లో నా మాటకి విలువ తగ్గినా సరే చెబుతున్నాను, ఆగండి" అంది. ఎవరో చప్పట్లు కొడితే, వద్దన్నట్టు చెయ్యెత్తింది.

ఆ వెనక వచ్చిన అమ్మాయికి ఇరవై దాటి ఉంటాయి. లేత నీలం చొక్కా. మైకులో మొదటి మాట వినగానే హాలంతా తలెత్తి చూసింది. మగవాళ్ళ గొంతు. చిన్నప్పుడు తను అబ్బాయినని నమ్మి, హార్మోన్లు తీసుకుని, కొన్నేళ్ళకి మానేసిందట. "ఈ గొంతు ఇక వెనక్కి రాదు. నేను ఎవరి మీదా కోపంతో రాలేదు. నాలాంటిదాన్ని కూడా లెక్కలోకి తీసుకోమని వచ్చాను" అంది. కుడి వరసలోంచి ఎవరో ఏదో వ్యంగ్యంగా అన్నారు. నా వరసలోవాళ్ళే. నాకు సిగ్గేసింది.

ఆ అమ్మాయి బయటికి వెళ్ళడం చూసి, నా వరస వదిలేసి వెనకే వెళ్ళాను. హాలు పక్కన కుళాయి దగ్గర మొహం కడుక్కుంటోంది. నేను ఎవరో, ఎందుకొచ్చానో చెప్పాను. మా పిల్ల సంగతి చెప్పాను. ఆపై అడిగాను: "మీ అమ్మ ఏం చేసుంటే బాగుండేదమ్మా?"

ఆ అమ్మాయి మొహం తుడుచుకుంది.

"నన్ను అడిగుంటే బాగుండేది ఆంటీ. నాన్న ససేమిరా అన్నాడు. అమ్మ సరే అంది. ఇద్దరూ హోరాహోరీ కొట్టుకున్నారు. అమ్మ గెలిచింది. ఆ తర్వాత నాకు అనుమానం వచ్చినా ఎవరితో చెప్పను? అమ్మ నాకోసం అంత పోరాడాక?"

కుళాయి కట్టేసి వెళ్ళిపోయింది. నేను కొంగు బిగించుకున్న ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు.

లోపలికొచ్చేసరికి మైకు దగ్గర మా ఆయన ఉన్నాడు! రెండు వరసలకీ మధ్యలోంచి నడిచి వెళ్ళిపోయాడట. కమిటీ పెద్దాయన "మీరు ఎటువైపు?" అని అడుగుతున్నాడు.

"అదే తెలీక ఇంతసేపు గోడకి ఆనుకున్నానండీ" అన్నాడు. హాల్లో నవ్వులు. "నాకు లాండ్రీ ఉంది. మా పిల్లకి ఆ మందు ఇప్పించాలో వద్దో నాకింకా తేలలేదు. మా ఆవిడ ఇప్పిద్దామంటుంది. మా అక్క ఇందాక మాట్లాడింది, విన్నారుగా. ఇద్దరికీ నాకన్నా ఎక్కువ తెలుసు. నేను నిదానంగా ఆలోచించే మనిషిని. మొన్నటిదాకా ఆలోచించుకోడానికి నాకు కావలసినంత టైముంది. డాక్టరమ్మ కూడా నిదానంగానే చూస్తోంది. మీరొచ్చి గడువు పెట్టారు. పిల్లలు తొందరపడుతున్నారని కదా మీరు చట్టం తెచ్చింది? ఇప్పుడు మమ్మల్ని తొందరపెడుతోంది ఎవరు?"

కమిటీ పెద్దాయన చెడ్డవాడేం కాదు. కాస్త ముందుకు వంగి, "మీలాగా తర్జనభర్జన పడే ఇళ్ళ గురించి కాదండీ మా బెంగ. అసలు ఆలోచించకుండా దూకే ఇళ్ళ గురించి. చట్టం ఒక్కటే కదా, అందరికీ అదే" అన్నాడు.

మా ఆయన తల గోక్కున్నాడు. "దానికి నా దగ్గర జవాబు లేదండీ" అని వచ్చేశాడు.

నేను మళ్ళీ వరసలోకి వెళ్ళలేదు. వల్లెవేసుకున్న మాటలన్నీ అలాగే ఉండిపోయాయి.

*

సాయంత్రం ఇంటికి రాగానే వెనక గదిలోకి వెళ్ళి ఖాళీ డ్రయ్యర్ తిప్పాను. కరెంటు దండగ అని మా ఆయన అనలేదు. తనూ వచ్చి బుట్ట బోర్లించి దానిమీద కూర్చున్నాడు. పిచ్చుక మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, తన చోట్లో తను కూర్చుంది.

"ఒకటడుగుతాను" అన్నాను. "మందు మొదలుపెట్టాక, ఎప్పుడో ఒకప్పుడు నీకు వద్దనిపిస్తే?"

"అనిపించదు."

"అనిపిస్తే అంటున్నాను."

మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, "నాన్న 'నేను ముందే చెప్పానా' అంటాడు" అంది.

మా ఆయనకి నవ్వు రాలేదు. "అనను" అన్నాడు.

"అంటావు నాన్నా. కుక్కర్ పేలినా అంటావు."

"కుక్కర్‌కి అంటాను. నీకు అనను. ఈ ఒక్క విషయంలో, నేను బతికున్నన్నాళ్ళూ అనను."

పిచ్చుక నావైపు తిరిగింది. "నువ్వు ఏడుస్తావు."

"ఏడుస్తాను. అయితే ఏం? బట్టలుతికేవాళ్ళం, తడి మనకి కొత్తా?" అన్నాను. "నేను నీకోసం పోట్లాడానని నువ్వు నాకు బాకీ ఏం లేవు. రేపు పొద్దున వద్దన్నా, పదేళ్ళకి వద్దన్నా, వచ్చి చెప్పు."

మా ఆయన బుట్టతో సహా ముందుకి జరిగాడు. "సరే, ఇప్పించలేదనుకో. అప్పుడో?"

"ఉంటాను. ఎక్కడికి పోతాను?" అంది. "కానీ ఇలాగే ఉంటాను నాన్నా. ఈ గదిలోనే ఉంటాను. గడువు వచ్చిందని అడగడం లేదు నేను. గడువు లేనప్పట్నుంచీ అడుగుతున్నాను. ఎముకల సంగతి డాక్టర్ గారు బొమ్మ గీసి చెప్పారు. పిల్లల సంగతి కూడా చెప్పారు. అది నాకు నిజంగా తెలీదు, పిల్లలు కావాలనిపిస్తుందో లేదో. నీ అంత తెలీదు. తెలిసినట్టు అబద్ధం చెప్పను. కానీ ఇది తెలుసు. అన్నం... ఆకలి తెలిసినట్టు తెలుసు. ఎవరూ చెప్పక్కర్లేకుండా..."

టైమర్ అయిపోయి డ్రయ్యర్ ఆగింది. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

పిచ్చుక ఆగలేదు. "ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలుసు. నేను ఎదురు చూడగలను, నాకు ఓపికుంది. కానీ ఎదురు చూసేటప్పుడు నా ఒళ్ళు నాకు దూరంగా వెళ్ళిపోతోంది. అది చూస్తూ కూర్చోమంటే కష్టంగా ఉంది, అంతే" అని, ఆ సన్నగా బొంగురుగా చీలిపోతున్న గొంతుతోనే, చెప్పాల్సింది చివరిదాకా చెప్పింది.

మేం ఇద్దరం కదల్లేదు. కదిలితే అది గమనిస్తుందేమోనని.

కాసేపటికి మా ఆయన లేచి, బుట్ట సరిగ్గా నిలబెట్టి, "సబ్బు పొడి అయిపోవచ్చింది. పొద్దున డాక్టరమ్మ దగ్గర్నుంచి వచ్చేటప్పుడు తేవాలి" అన్నాడు.

పొద్దున డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలన్న సంగతి అప్పటిదాకా నాకు తెలీదు.

*

చట్టం ఆమోదం పొందింది. టౌన్ హాల్లో ఎవరేం మాట్లాడినా కామా కూడా మారలేదు. డాక్టరమ్మ మాత్రం చూడాల్సిందంతా చూసింది. తన తోటి డాక్టర్లతో మాట్లాడింది. పిచ్చుకని ఒక్కదాన్నే కూర్చోబెట్టి మాట్లాడింది, మా ఆయన్ని ఒక్కణ్ణే కూర్చోబెట్టి మాట్లాడింది. ఆఖరున, "గడువు కోసం ఇవ్వడం లేదు. నాకు నమ్మకం కుదరకపోయి ఉంటే, గడువు దాటిపోనిచ్చేదాన్ని" అంది.

మా ఆయన కలం పట్టుకుని సంతకం పెట్టి, "నాకు భయం పోలేదు డాక్టర్ గారూ. భయంతోనే పెడుతున్నాను" అన్నాడు.

"పోకూడదు కూడా" అంది ఆవిడ.

ఇంజెక్షన్ చేసేటప్పుడు పిచ్చుక కళ్ళు మూసుకోలేదు. దారిలో వ్యాను కిటికీ దించి, చెయ్యి బయట పెట్టి గాలిని తోస్తూ కూర్చుంది. సిగ్నల్ దగ్గర మా ఆయన చెయ్యి లోపల పెట్టమని కేకలేశాడు. ఆయన కేకలేసి ఎన్నాళ్ళైందో! నాకు హాయిగా అనిపించింది.

వదినకి ఫోన్ చేసి చెప్పాను. "సరే" అని పెట్టేసింది. ఆ తర్వాత రాలేదు. ఆసుపత్రి దుప్పట్లు ఇవ్వడానికి వెళ్తే మందుల కిటికీ దగ్గర వేరే మనిషి ఉండేది. మా ఆయన బయటికి ఏమీ అనకపోయినా, షాపు తలుపు చప్పుడైనప్పుడల్లా తల తిప్పేవాడు. ఆయనకి తల్లీ అక్కే, అక్కా అక్కే.

ఎండలు తగ్గుముఖం పట్టాక ఒక పొద్దున్న, ఇంకా షట్టర్ సగమే ఎత్తాం, కింద నుంచి గుడ్డ బూట్లు కనబడ్డాయి. వదిన అలాంటి బూట్లు వేసుకోవడం నేను జన్మలో చూడలేదు. వంగి లోపలికొచ్చింది. చేతిలో మందుల సంచి.

"నేను ఒప్పుకోలేదు" అంది, పలకరింపు లేకుండా. "ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. మీరు చేసింది తప్పనే అంటాను. అది వేరే విషయం."

"కూర్చో అక్కా" అన్నాడు మా ఆయన.

"కూర్చోడానికి రాలేదు. ఎముకల స్కాన్ ఎప్పుడు? కాల్షియం ఏది రాశారు? రాత్రి వేస్తున్నారా, పొద్దున వేస్తున్నారా? పాలతో వేస్తున్నారా, ఏంటి? ఎండలోకి పంపుతున్నారా, లేక ఆ కొలిమిలోనే కూర్చోబెడుతున్నారా? ఎముకలకి మందొక్కటే చాలదు, బరువు పడాలి, నడవాలి, మెట్లెక్కాలి. మీ ఇద్దరికీ దుప్పట్లు తప్ప ఇంకేం పట్టదని నాకు తెలుసు. ఎముకల సంగతి నాకొదిలెయ్యండి." పైకి చూసి గట్టిగా కేకేసింది: "లే! కొండవీధి దాకా వెళ్ళిరావాలి. ఎండెక్కకముందే!"

పిచ్చుక జుట్టు చెదిరిపోయి, ఒక కాలికి మేజోడు, ఒక కాలికి లేకుండా దిగొచ్చింది. అత్తని చూసి మెట్టు మీదే ఆగిపోయింది.

"నడుద్దాం పద" అంది వదిన.

"నీకు మోకాళ్ళ నొప్పి కదత్తా?"

"నా మోకాళ్ళు నావి. నీ ఎముకల గురించి మాట్లాడు."

ఇప్పుడు పిచ్చుకకి పదహారు. మొదటేడు స్కాన్‌లో ఎముకల బలం కాస్త తగ్గింది. వదిన ఒంటికాలి మీద లేచింది. ఆ పై ఏడు నిలబడింది. ముందు ముందు నిర్ణయించుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. డాక్టరమ్మ అప్పట్లాగే ముక్కుసూటిగా చెబుతోంది, మేం అప్పట్లాగే అడుగుతున్నాం. పిచ్చుక ఇంతవరకూ మాట మార్చలేదు. మార్చినా వినడానికి మేం ఉన్నాం. పక్కవీధిలో ఇంకో ఇంట్లో, ఆ గడువు దాటాక డాక్టరమ్మ దగ్గరికి వచ్చిన పిల్ల ఉంది. వాళ్ళమ్మ అప్పుడప్పుడూ మా షాపుకొచ్చి కూర్చుంటుంది. ఆవిడకి నేను ఏమీ చెప్పలేను. టీ ఇస్తాను, వింటాను.

వదిన బూట్లు వేసుకొచ్చిన ఆ పొద్దున మాత్రం నేనూ మా ఆయనా షట్టర్ పూర్తిగా ఎత్తి గుమ్మంలో నిలబడ్డాం. కొండవీధి మా షాపు ముందు నుంచే పైకి వెళ్తుంది. వెళ్ళేకొద్దీ నిటారుగా ఉంటుంది. మూల తిరిగేలోపే వాళ్ళిద్దరి మధ్యా వాదన మొదలైంది. వదిన చెయ్యి ఊపుతూ ఏదో అంటోంది. పిచ్చుక ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుని, దానికి ఏదో సమాధానం చెబుతోంది. వదిన అంతకంటే గట్టిగా ఇంకో మాట అంది. వీధిలో పాలప్యాకెట్లు తీసుకుంటున్నవాళ్ళు తిరిగి చూశారు.

"వెనక్కి వచ్చేస్తారేమో" అన్నాను.

"చూద్దాం" అన్నాడు మా ఆయన.

రాలేదు. ఎవరి మాట మీద వాళ్ళు నిలబడి, ఒక్క అక్షరం కూడా తగ్గకుండా, ఒకరి వెంట ఒకరు ఆ ఎత్తు ఎక్కుతూనే ఉన్నారు.